నాలుగో కాగితం

రేణు హైస్కూల్లో ఆర్ట్ క్లాసు తీసుకోవడానికి వాళ్ళ తాతయ్య రాసిన ఉత్తరమే కారణం. 1984 ఏప్రిల్లో, వచ్చే ఏడాదికి సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు ఒక పీరియడు ఖాళీగా మిగిలింది. కంప్యూటర్ ప్రోగ్రామింగ్ తీసుకోమని నాన్న రామమోహన్ పట్టుబట్టాడు. ఆయన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. రాబోయే కాలమంతా దానిదేనని ఆయన నమ్మకం. రేణు మాత్రం స్టూడియో ఆర్ట్ తప్ప ఇంకేమీ వద్దంది. షికాగో శివారు షామ్‌బర్గ్‌లోని ఆ ఇంట్లో నెల రోజులు ఇదే గొడవ. చివరికి అమ్మ వసుమతి తెనాలిలో ఉన్న తన తండ్రికి రాసింది. దత్తాత్రేయ గారు ముప్ఫై రెండేళ్ళు డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆయన జవాబు మూడు లైన్లు: "పిల్లకి ఇష్టమైతే చేర్పించండి. నేను జన్మంతా నేర్పింది అదే. అది నేర్చుకుని చెడిపోయినవాళ్ళు ఎవరూ నాకు ఇంతవరకు కనపడలేదు." మామగారి మాట కాదనలేక రామమోహన్ ఫారం మీద సంతకం పెట్టాడు.

ఆ నవంబరులో దత్తాత్రేయ గారే వచ్చారు, ఆరు నెలలు కూతురి దగ్గర ఉండి వెళదామని. భార్య పోయి నాలుగేళ్ళయింది. ఆయన రాక కోసం అందరికంటే ఎక్కువగా ఎదురుచూసింది రేణు. తనకి తొమ్మిదేళ్ళప్పుడు ఇండియా వెళితే, విజయవాడ స్టేషన్లో రైలు ఆలస్యమై, ప్లాట్‌ఫారం మీద కూర్చుని తాతయ్య ఒక బొమ్మ వేశాడు. మూట మీద తల పెట్టి నిద్రపోతున్న పోర్టరు. అయిదు నిమిషాలు పట్టిందేమో. ఆ మనిషి నోరు కొంచెం తెరుచుకుని ఉండటం, బరువుకి మూట నొక్కుకుపోవడం, అన్నీ ఆ చిన్న కాగితంలో వచ్చేశాయి. పెన్సిలు పట్టుకున్నప్పుడల్లా రేణుకి అది గుర్తొచ్చేది.

తీరా వచ్చాక తాతయ్య బొమ్మలు వెయ్యలేదు. రేణు ఆయన కోసం మంచి స్కెచ్‌బుక్ కొని, నాలుగు రకాల పెన్సిళ్ళు చెక్కి పెట్టింది. చలికి వేళ్ళు బిగుసుకుపోతున్నాయని ఒకసారి, ఈ ఇంట్లో వెలుతురు చాలదని ఒకసారి, రేపు చూద్దామని ఒకసారి ఆయన తప్పించుకున్నారు. ఉత్తరాలొస్తే కళ్ళజోడు ఎక్కడో పెట్టానని చెప్పి వసుమతి చేత చదివించుకునేవారు. టీవీ ముందు పక్కకి తిరిగి కూర్చునేవారు. మెడ నొప్పి అన్నారు. వసుమతి మెడకి వేడినీళ్ళ సంచీ కొనుక్కొచ్చింది.

జనవరిలో మిసెస్ కోల్సన్ క్లాసుకి పెద్ద ప్రాజెక్టు ఇచ్చింది. ఆవిడ రేణు ఆర్ట్ టీచరు, యాభై దాటిన మనిషి, ఎప్పుడూ చొక్కా చేతులు మడిచి, మోచేతుల దాకా బొగ్గు మసితో ఉండేది. ఇంట్లో ఉన్న వస్తువేదైనా తీసుకుని నాలుగు కాగితాలు చెయ్యాలి. మొదటిది ఉన్నది ఉన్నట్టుగా, నీడలతో సహా. రెండోది గీతలు మాత్రమే. మూడోదానిలో ఆ గీతలు కూడా తగ్గించి, వస్తువుని కొన్ని ఆకారాల్లోకి తేవాలి. నాలుగోది రంగుల్లో, పెద్ద కాగితం మీద. అందులో వస్తువు గుర్తుపట్టేలా ఉండకూడదు, కానీ మొదటి మూడూ చూసినవాళ్ళకి ఇది అక్కణ్ణించే వచ్చిందని తెలియాలి. మూడు వారాలు గడువు.

చాలామంది పళ్ళూ సీసాలూ ఎంచుకున్నారు. రేణు గరాజ్ తలుపు దగ్గర పడుండే చెప్పుల గుట్టని ఎంచుకుంది. తన అమెరికన్ స్నేహితుల్లో ఎవరింట్లోనూ అలాంటి గుట్ట ఉండదు. నాన్న మంచు బూట్లు, అమ్మ ఆఫీసు హీల్సు, తన టెన్నిస్ షూస్, వాటి పక్కన తాతయ్య తెనాలి నుంచి తెచ్చుకున్న తోలు చెప్పులు.

మొదటి కాగితం వేస్తున్నన్ని రోజులూ దత్తాత్రేయ గారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చెయ్యి పూర్తిగా చాపి పెన్సిలు పట్టుకోమని, ఒక కన్ను మూసి, బూటు పొడుగు పెన్సిలు మీద ఎంతుందో బొటనవేలితో కొలుచుకోమని చెప్పారు. మడమ ఎత్తుకి బూటు పొడుగు ఎన్ని రెట్లో ముందు తేల్చుకోకుండా గీత గియ్యొద్దన్నారు. ఆయన ఒక్కసారి కూడా కాగితం వైపు వంగి చూడలేదు. రేణు చెప్పిన కొలతలు విని, తప్పయితే తప్పని చెప్పేవారు. పాత మాస్టార్లు అలాగే ఉంటారు కాబోలనుకుంది రేణు. ఆ బొమ్మ అంతవరకూ తను వేసిన వాటన్నిటికంటే బాగా వచ్చింది.

రెండో కాగితం దగ్గర ఆయన ఊరుకున్నారు. మూడోది వచ్చేసరికి ఇబ్బందిపడ్డారు. అన్నీ ఇలా తీసేస్తూ పోతే చివరికి ఏం మిగులుతుందని కూతుర్ని అడిగారు. టీచరు అలాగే వెయ్యమందట నాన్నా అని వసుమతి చెప్పింది.

నాలుగో కాగితం రేణుని చాలా ఏడిపించింది. మూడుసార్లు మొదలుపెట్టి చింపేసింది. గడువుకి రెండు రోజుల ముందు, బుధవారం సాయంత్రం, ఎట్టకేలకి ఒకటి కుదిరింది. నాన్న బూటుకీ తాతయ్య చెప్పుకీ మధ్యనున్న సందుని తీసుకుని కాగితమంతా పెద్దది చేసింది. అటొకటి ఇటొకటి రెండు బూడిదరంగు ఆకారాలు, మధ్యలో వంకర తిరిగిన పసుపు. అంతే. ఆ పసుపు రంగు కుదరడానికే రెండు గంటలు పట్టింది. పోస్టర్ కలర్ ఆరాలని డైనింగ్ టేబుల్ మీద వదిలేసి, బాగా అలిసిపోయానని, శుక్రవారం ఇచ్చేయాలని అమ్మతో చెప్పి పడుకుంది. ఆ మాటలు దత్తాత్రేయ గారు విన్నారు.

మరునాడు అందరూ వెళ్ళిపోయాక ఇంట్లో ఆయన ఒక్కరే. బయట మంచు పడుతోంది. టేబుల్ మీద పెద్ద కాగితం, దాని మీద విశాలంగా పరిచిన రంగులు. ఆయన పద్ధతిలో కూడా బొమ్మకి ముందు అలాగే లేతగా రంగు పరుస్తారు, అది ఆరాక దాని మీద గీతలొస్తాయి. పిల్ల రంగు పరిచి, ఓపిక లేక మిగతాది వదిలేసిందని ఆయన అనుకున్నారు. రేపే ఇవ్వాలి. రెండు నెలలుగా ఈ పిల్ల తనని ఒక్క బొమ్మ వెయ్యమని అడుగుతోంది, తను వెయ్యలేదు. ఆయన గరాజ్ తలుపు దగ్గరికి వెళ్ళి బూటునీ చెప్పునీ తెచ్చి, పాత పేపరు పరిచి టేబుల్ మీద పెట్టుకున్నారు. తొమ్మిదింటికి మొదలుపెడితే రెండింటికి అయింది. మధ్యలో భోజనానికి కూడా లేవలేదు.

మూడున్నరకి రేణు వచ్చేసరికి ఆయన శుభ్రంగా తల దువ్వుకుని, టేబుల్ పక్కన కూర్చుని ఉన్నారు.

రేణు కాగితం చూసింది. తన బూడిదరంగు మీద తోలు మడతలు, కుట్లు, లేసులు, నీడలు. పసుపు మీద నేల గచ్చు గీతలు. ఆమె అరవలేదు. ఇంగ్లీషులో, "యూ రూయిన్డ్ ఇట్," అంది.

ఆ మాత్రం ఇంగ్లీషు ఆయనకి వచ్చు.

రేణు కాగితం తీసుకుని మేడ మీదికి వెళ్ళిపోయింది. సాయంత్రం వసుమతి ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి వచ్చేసరికి కూతురు గదిలో, తండ్రి కింద అదే కుర్చీలో ఉన్నారు. వసుమతి మేడెక్కి, పెద్దాయన సాయం చేద్దామనుకున్నాడు, ఒక్క మాట మాట్లాడి రమ్మంది. తను వేసేది బొమ్మే కాదని తాతయ్య ఉద్దేశమని, అందుకే అలా చేశాడని రేణు ఏడ్చింది. కింద దత్తాత్రేయ గారు కూతురితో ఒకటే అన్నారు, పిల్ల సగంలో ఆపేసిందనుకున్నానని. అంతకుమించి సమర్థించుకోలేదు.

ఇంకొకటి వెయ్యడానికి వ్యవధి లేదు. శుక్రవారం రేణు ఆ కాగితాన్నే పట్టుకుపోయింది. క్లాసులో ఒక్కొక్కరివి నాలుగేసి కాగితాలు వరసగా గోడకి గుచ్చి, అందరూ దూరంగా నిలబడి చూసి మాట్లాడటం మిసెస్ కోల్సన్ అలవాటు. రేణు వంతు వచ్చింది. తన బొమ్మల్ని పాతిక అడుగుల దూరం నుంచి చూడటం రేణుకి అదే మొదటిసారి. నిన్న కోపంలో నాలుగోదాన్ని సరిగ్గా చూడనే లేదు.

గీతలు అద్భుతంగా ఉన్నాయి. ఒక్కచోట చెరిపిన గుర్తు లేదు, ఒక్కచోట చెయ్యి తడబడలేదు. కానీ బూటు అంచుల చుట్టూ అంత పనితనం ఉన్నా, బూటు నడిమధ్య ఏమీ లేదు. చెప్పుకీ అంతే, పట్టీలు రెండు వైపుల నుంచీ వచ్చి మధ్యలో ఆగిపోయాయి. లేసు కన్నాలు నాలుగు తోలు మీద కాక పక్కన గాలిలో పడ్డాయి. ఒకే లేసు రెండుసార్లు, కొంచెం ఎడంగా, రెండోది మొదటిదాన్ని చూసుకోనట్టు ఉంది.

 మిసెస్ కోల్సన్ దగ్గరికెళ్ళి చూసి, ఇది నీ చెయ్యి కాదే అంది. మా తాతయ్య వేశాడని, ముప్ఫై రెండేళ్ళు ఇండియాలో డ్రాయింగ్ టీచరని రేణు చెప్పింది. ఆవిడ రేణుని పక్కకి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి, ఈ గీతలు గీసిన మనిషి ఇలాంటి తప్పులు చెయ్యడు, ఆయన కళ్ళు ఎవరైనా పరీక్ష చేశారా అని అడిగింది.

రేణు బస్సు దిగి ఇంటికి పరుగెత్తింది. తాతయ్య కిటికీ దగ్గర ఉన్నారు. ఆమె కోటైనా విప్పకుండా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"తాతయ్యా, నిన్న అలా అన్నందుకు సారీ."

"తప్పు నాదమ్మా. అడక్కుండా ఒకరి బొమ్మ మీద చెయ్యి పెట్టకూడదు. నా క్లాసులో నేనే కొట్టేవాణ్ణి అలా చేస్తే."

"అది కాదు. నా వైపు చూడు. నా ఫేస్ కనిపిస్తోందా నీకు?"

 ఆయన మొహం కొంచెం పక్కకి తిప్పారు, టీవీ చూసేటప్పుడు తిప్పినట్టు.

"చెవులు కనిపిస్తాయి. జుట్టు కనిపిస్తుంది. నీ కోటు రంగు కూడా తెలుస్తుంది. మొహం ఉండాల్సిన చోట పొగలా ఉంటుంది."

 ఎప్పట్నించని రేణు అడిగింది. ఎడమ కన్ను రెండేళ్ళుగా, కుడిది మొన్న వేసవి నుంచి అన్నారాయన. ఎవరికీ చెప్పలేదట. డ్రాయింగు మాస్టారికి చూపు పోయిందని ఊళ్ళో అనుకోవడం ఇష్టం లేకపోయింది. ఇక్కడ చెబితే ఆరు నెలలూ ఆస్పత్రుల చుట్టూ తిప్పుతారు. ఉన్న ఆ కాస్త చూపుతో మనవరాలు బొమ్మలేస్తుంటే పక్కన కూర్చుందామని వచ్చారు. నిన్న మాత్రం చేతికి అలవాటే కదా, నడిచిపోతుందనుకున్నారు.

"ఎలా వచ్చిందమ్మా బొమ్మ? నిజం చెప్పు."

బాగానే వచ్చిందని చెబుదామని రేణు నోరు తెరిచింది. కానీ ఆయన అడిగిన తీరు చూసి అబద్ధం ఆడలేకపోయింది.

"లైన్స్ చాలా బాగున్నాయి. కానీ మధ్యలో ఎంప్టీగా ఉంది. లేసులు బూటు బయటికి వెళ్ళిపోయాయి."

ఆయన తలూపారు. పరీక్ష పేపరు దిద్దేవాడు తన లెక్క సరిపోయిందని తలూపినట్టు. తర్వాత అడిగారు, అసలు నువ్వేం వేశావు అక్కడ, నేను గీతలు పెట్టకముందు అని.

"నాన్న బూటుకీ నీ చెప్పుకీ మధ్య గ్యాప్. అదే పెయింట్ చేశా."

"ఖాళీని వేశావా?"

"ఊఁ."

 "రెండు కుండల మధ్య ఖాళీ సరిగ్గా వెయ్యండిరా, అది తప్పితే కుండలు తప్పుతాయని పిల్లలకి రోజూ చెప్పేవాణ్ణి. కుండలు తీసేసి ఖాళీ ఒక్కటే ఉంచొచ్చని మాత్రం నాకు ఎప్పుడూ తోచలేదు," అన్నారు.

ఆ సాయంత్రం వసుమతికి రేణే చెప్పింది. వసుమతి మెడకి కొన్న వేడినీళ్ళ సంచీ తీసి అవతల పారేసి, వంటింట్లో నిలబడి ఏడ్చింది. మర్నాటి నుంచి ఫోన్లు. షికాగోలో కంటి డాక్టరు రెండు గంటలు పరీక్షలు చేసి, ఎడమ కంటికి చేయగలిగింది ఏమీ లేదన్నాడు. కుడి కంటి వెనక రక్తనాళాలు కారుతున్నాయి, లేజరు పెడితే అది ఆగుతుంది, పోయిన చూపు మాత్రం రాదన్నాడు. ఇన్నాళ్ళు ఎందుకు ఆగారని అతను అడిగినప్పుడు వసుమతి ఆ ప్రశ్నని తండ్రికి తెలుగులో చెప్పలేదు. ఫిబ్రవరి నెలాఖరున లేజరు పెట్టారు. అది ఆగింది. పక్కచూపు మిగిలింది. ఒంటరిగా నడవగలరు, అన్నం కలుపుకోగలరు. అక్షరాలూ మొహాలూ లేవు.

మిసెస్ కోల్సన్ రేణుకి వారం గడువిచ్చింది. రేణు నాలుగో కాగితం మళ్ళీ వేసింది. మొదటిసారి కుదిరిన పసుపు ఈసారి కుదరలేదు. బి ప్లస్ వచ్చింది. ఆ విషయం తాతయ్యకి చెబితే, తను గీతలు పెట్టిన బొమ్మకైతే ఎంతిచ్చేవారని ఆయన అడిగారు. ఇద్దరూ నవ్వుకున్నారు.

మార్చిలో మిసెస్ కోల్సన్, మీ తాతగారు ఒకసారి క్లాసుకి వస్తారా అని అడిగింది. ఆయన రానన్నారు. చూపు లేని మాస్టారు పిల్లలకి ఏం చూపిస్తాడన్నారు. రేణు ఏమీ వాదించలేదు. నాలుగు రోజులయ్యాక ఆయనే, ఆ క్లాసులో నల్లబల్ల ఉందా, ఎంత పొడుగుంది అని అడిగారు.

శుక్రవారం రామమోహన్ ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని చెప్పి కార్లో దింపాడు. దత్తాత్రేయ గారు కోటు వేసుకుని, రేణు మోచెయ్యి పట్టుకుని క్లాసులోకి వచ్చారు. ఇరవై రెండు మంది పిల్లలు. ఆయన గుడ్ మార్నింగ్ చెప్పి, నల్లబల్ల ముందుకెళ్ళి, దాని అంచుల్ని రెండు చేతులతో తడిమి చూసుకున్నారు. సుద్దముక్క అడిగారు. బల్లకి చెయ్యి చాపినంత దూరంలో నిలబడి, కాళ్ళు కొంచెం ఎడం చేసి, భుజం నుంచి చెయ్యి తిప్పారు. ఒక్క ఊపులో, సుద్ద ఎత్తకుండా, రెండడుగుల వెడల్పు వృత్తం.

 ఆయన తల తిప్పి తెలుగులో అడిగారు.

"కలిసిందా?"

రేణు దగ్గరికెళ్ళి చూసింది. "లేదు తాతయ్యా. కొంచెం మిస్సయింది. గోరంత."

ఆయన అరచేత్తో మొత్తం తుడిపేశారు. వేళ్ళు దులుపుకుని, మళ్ళీ నిలబడి, మళ్ళీ తిప్పారు. ఈసారి అడగలేదు. రేణు చెప్పేలోపే మిసెస్ కోల్సన్ బల్ల దగ్గరికొచ్చి, గీత ఎక్కడ మొదలైందో తనకి తెలియడం లేదంది.

ఆ తర్వాత పిల్లలందరూ ప్రయత్నించారు. ఎవరిదీ కోడిగుడ్డు కంటే మెరుగ్గా రాలేదు. ఆయన ఒక్కొక్కరి వెనకా నిలబడి, మోచెయ్యి పట్టుకుని, బిగుసుకున్న భుజం మీద రెండు వేళ్ళతో తట్టి, "లూజ్, లూజ్," అనేవారు. వేళ్ళతో గీస్తే గీత వణుకుతుందని, భుజంతో గియ్యమని రేణు చేత ఇంగ్లీషులో చెప్పించారు. ఉదయ్ అనే గుజరాతీ కుర్రాడి చెయ్యి పట్టుకుని, నీకు ఎడమ చేతి వాటం కదా, కుడి చేత్తో ఎందుకు గీస్తున్నావని రేణు చేత అడిగించారు. నిజమే, చిన్నప్పుడు ఇంట్లో మార్పించారట. గంట కొట్టినా ఎవరూ తొందరగా బయటికి పోలేదు.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఆయన వెళ్ళారు. ఆరు నెలలు పూర్తయితే ఇంకొక నెల పొడిగించుకున్నారు, స్కూలు మూసేదాకా. ప్రయాణం జూన్ మొదటి వారం. ఆఖరి శుక్రవారం, ఎవరికీ చెప్పకుండా, వసుమతి సగం రోజు సెలవు పెట్టింది.

తెనాలిలో ఆమె చదివింది ఆడపిల్లల స్కూలు. నాన్న పనిచేసింది మగపిల్లల స్కూలు, రెండు వీధుల అవతల. ఆయన శిష్యులు ఇంటికొచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టడం చూసింది కానీ, ఆయన పాఠం చెప్పడం ఒక్కసారి కూడా చూడలేదు. ఇంట్లో ఆయన ఆమెకి పెన్సిలు ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు.

తలుపు దగ్గర తల్లిని చూసి రేణు లేవబోయింది. వసుమతి వద్దని చెయ్యి ఊపింది. మిసెస్ కోల్సన్ ఏమీ అడక్కుండా ఆమె చేతిలో సుద్దముక్క పెట్టి, బల్ల చివర, పిల్లల పక్కన చోటు చూపించింది. వసుమతి ఆఫీసు బట్టల్లోనే నిలబడి గీసింది. వృత్తం కింద వైపు కుంగిపోయింది.

దత్తాత్రేయ గారు వరసలో ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చారు. ఆమె వెనక ఆగి, మోచెయ్యి పట్టుకుని కొంచెం పైకి లేపి, భుజం మీద రెండు వేళ్ళతో తట్టారు.

"లూజ్, లూజ్," అన్నారు, అందరితో అన్నట్టే.

వసుమతి తనెవరో చెప్పలేదు. భుజం వదులు చేసి మళ్ళీ గీసింది.